మంచు సముద్రంలో రెండు నిమిషాలు

మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాల దగ్గర మన కాపెల్ ఊళ్ళోని తెలుగు కుర్రాళ్ళు నలుగురు కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పుకుంటున్నారు. ప్రొడక్షన్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ ఆగిపోయిందట, మూడు రోజులు ఎవరికీ నిద్ర లేదట. వాళ్ళలో ఒకతను నా వైపు తిరిగి, "అంకుల్, మీ రోజుల్లో ఇంత టెన్షన్ ఉండేది కాదు కదా?" అన్నాడు. నోట్లో ముద్ద ఉండి తలూపి ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ తలూపు నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. నిజం కాని దానికి అలా తలూపి ఒకసారి నేను ఇరవై ఎనిమిది మందిని ప్రమాదంలో పెట్టాను. ఆ సంగతి ఇంతవరకూ మా ఆవిడకు తప్ప ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మన సంఘం పత్రికకు ఏదైనా రాయమని మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

నేను గడియారాల మనిషిని. బందరులో ఒక వాచీల కొట్లో పని నేర్చుకున్నాను. విశాఖ రేవులో ఓడల పరికరాలు బాగుచేసే వర్క్‌షాపులో ఎనిమిదేళ్ళు చేసి, డెబ్భైల చివర సియాటిల్ చేరాను. అక్కడ చేపల పడవల వాళ్ళకు గడియారాలూ, బారోమీటర్లూ, దిక్సూచులూ మరమ్మతు చేసే ఒక చిన్న షాపులో ఉద్యోగం. పనంతా బల్ల దగ్గరే. ఓడల గడియారాలు వందల కొద్దీ విప్పాను గానీ, ఓడ మీద ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఈత రాదు. వంతెన మీద నడుస్తూ కిందికి చూస్తే కళ్ళు తిరిగేవి.

ఎనభైల నడిమిలో ఒక వేసవి, మూడు కొయ్యల తెరచాప ఓడ ఒకటి అలాస్కా చుట్టూ తిరిగి ఉత్తరాన మంచు సముద్రంలోకి బయలుదేరింది. కాలేజీ పిల్లలకు పాతకాలపు ఓడ పని నేర్పడం, దారిలో సముద్రపు నీళ్ళు పరీక్షించడం దాని ఉద్దేశం. పరికరాలు చూసుకోవాల్సిన మనిషి బయలుదేరడానికి వారం ముందు కాలు విరగ్గొట్టుకున్నాడు. మా షాపు యజమాని నన్ను పంపుతానని వాళ్ళకు మాటిచ్చేసి, తరువాత నన్ను అడిగాడు. కాదనే ధైర్యం నాకు లేదు. ఆ రోజుల్లో మనవాళ్ళం ఎవరం కాదనేవాళ్ళం కాము. పని ఇచ్చిన వాడికి కాదని చెబితే ఆ ఒక్క మాటతో దేశమంతా మన మీద తలుపు వేసేస్తుందని ఒక భయం.

మా ఆవిడ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, షూ కూడా విప్పకుండా విన్నది. "ఏమండీ, బాత్ టబ్‌లో కాలు జారితేనే కేక పెట్టే మనిషి, ఓడెక్కి మంచులోకి వెళ్తారా?" అంది. తరువాత ప్రార్థన చేసింది, ఊలు మేజోళ్ళు ఆరు జతలు కొన్నది, ఆవకాయ సీసాకు గుడ్డ చుట్టి ఇచ్చింది. కోపమూ ప్రేమా ఆమె దగ్గర వేరు వేరు డబ్బాల్లో ఉండవు.

ఓడలో నాకు అప్పగించిన పనుల్లో పెద్దది క్రోనోమీటర్. చెక్కపెట్టెలో ఇత్తడి చట్రం మధ్య ఊగకుండా పడుకుని ఉండే గడియారం అది. సూర్యుడి ఎత్తు కొలిచి, ఆ క్షణంలో సరైన టైము ఎంతో తెలిస్తేనే ఓడ తూర్పు పడమరల్లో ఎక్కడుందో లెక్క తేలుతుంది. టైము తప్పితే చోటు తప్పుతుంది. రోజూ పొద్దున ఎనిమిదింటికి దానికి కీ ఇవ్వాలి. ఇచ్చి, మేట్ దగ్గరకు వెళ్ళి "కీ ఇచ్చాను" అని నోటితో చెప్పాలి. ఆ మాట వినేదాకా మేట్ రాత్రి కాపలా వాళ్ళను దిగనివ్వడు. వందల ఏళ్ళ నాటి ఆచారమట. నాకు మొదట్లో నవ్వొచ్చింది. పూజారి గంట కొట్టినట్టు, ఇంత చిన్న పనికి అంత తంతు ఎందుకని.

మేట్ అంటే కెప్టెన్ తరువాతి వాడు. ఇరవై ఏళ్ళు చేపల ఓడల్లో చేసి వచ్చిన మొరటు మనిషి. మామూలుగా మాట్లాడినా తిడుతున్నట్టే ఉండేది. కెప్టెన్ దానికి పూర్తిగా ఎదురు. బక్కపలచటి ముసలాయన, రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు, అందులో నాలుగు వాతావరణం గురించి.

నేను అనుకోనిదేమిటంటే, ఆ ఓడలో ఒక తెలుగమ్మాయి ఉంది. అమెరికాలోనే షామ్‌బర్గ్ అనే ఊళ్ళో పెరిగింది, రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే ఈ దేశం వచ్చేసింది. అప్పుడు కాలేజీలో చదువుతోంది. ఓడ నడపడం చదువుకుంటానంటే వాళ్ళ నాన్న ససేమిరా అన్నాడట. చివరికి, ఈ వేసవి వెళ్ళు, ఓడ వాళ్ళు నీ పని మెచ్చుకుంటూ ఉత్తరం ఇస్తే అప్పుడు చూద్దాం, లేకపోతే మెడిసిన్ చదవాలి అన్నాడట. అందుకే మిగతా పిల్లలు తిమింగలాలను చూస్తూ కేరింతలు కొడుతుంటే ఈమె సెక్స్‌టెంట్ పట్టుకుని సూర్యుడి ఎత్తు కొలుస్తూ ఉండేది. మొదటి రోజే నా ముఖం చూసి, "మీరు తెలుగా అంకుల్?" అని అడిగింది. ఆవకాయ సీసా సగం ఆమే ఖాళీ చేసింది.

అలాస్కా తోకలాంటి దీవులు దాటి ఉత్తరానికి తిరిగాక పెద్ద గాలివాన పట్టుకుంది. రెండున్నర రోజులు. ఆ రెండున్నర రోజులూ నేను మనిషిని కాను. నా పడక అరలో పక్క పలకను రెండు చేతులా పట్టుకుని పడుకుని, తెలిసిన కీర్తనలన్నీ మొదటి చరణం వరకూ అనుకుంటూ, బకెట్‌లో వాంతి చేసుకుంటూ గడిపాను. మొదటి రోజు పొద్దున ఎనిమిదింటికి మేట్ మెట్ల పైనుంచి కేకవేసి అడిగాడు, కీ ఇచ్చావా అని. ఇచ్చానన్నాను. ఇవ్వలేదు. అయిదు నిమిషాలు ఆగి లేచి ఇద్దామనుకున్నాను, అంతే. ఆ అయిదు నిమిషాలు రాలేదు. రెండో రోజు పొద్దున మళ్ళీ కేక. మళ్ళీ ఇచ్చానన్నాను. ఈసారి నిన్న ఇవ్వలేదన్న సంగతి కూడా నాకు జ్ఞాపకం లేదు.

ఒకసారి కీ ఇస్తే ఆ గడియారం యాభై ఆరు గంటలు తిరుగుతుంది. మూడో రోజు పొద్దున గాలి తగ్గింది. గోడ పట్టుకుని వెళ్ళి పెట్టె మూత తీశాను. చప్పుడు లేదు. చెవి ఆనించాను. నా గుండె తప్ప ఏమీ వినిపించలేదు.

ఆ నిమిషంలో నేను చెయ్యాల్సిన పని ఒక్కటే. పైకెళ్ళి చెప్పడం. మామూలు రోజుల్లో అయితే చెప్పినా పెద్ద నష్టం ఉండేది కాదు. ఉపగ్రహాల నుంచి చోటు కనుక్కునే యంత్రం ఒకటి ఉండేది. గాలివానలో దాని యాంటెన్నా విరిగి సముద్రంలో పడింది. షార్ట్‌వేవ్ రేడియోలో నిమిషం నిమిషానికీ టైము చెప్పే స్టేషన్ ఉండేది. ఆ వారం సూర్యుడి మీద ఏదో అలజడి వల్ల ధ్రువం వైపు రేడియో మొత్తం మూగబోయింది, ఎక్కడ తిప్పినా బుస తప్ప ఏమీ లేదు. మిగతావాళ్ళ చేతి వాచీలు తలొక టైము చూపించేవి. అంటే ఓడలో నమ్మదగిన టైము ఆ గడియారంలోనే ఉండాలి. అది నా చేతుల్లో ఆగిపోయింది.

నా చేతికి క్వార్ట్జ్ వాచీ ఉంది. అది అయిదు నిమిషాలు ముందుంటుంది. చర్చికి ఎప్పుడూ ఆలస్యం చేస్తానని మా ఆవిడ పెట్టిన ఏర్పాటు. గడియారాలు బాగుచేసేవాడి వాచీ తప్పు టైము చూపించడం మా స్నేహితులకు పెద్ద వేళాకోళం. సరే, అయిదు నిమిషాలు తీసేస్తే అసలు టైము వస్తుంది కదా. తీసేశాను. ముళ్ళు తిప్పి, కీ ఇచ్చి, ఆగిన చక్రానికి కదలిక రావడానికి పెట్టెను చటుక్కున పావు వంతు తిప్పితే గడియారం నడిచింది. మేట్ దగ్గరకు వెళ్ళి, కీ ఇచ్చానన్నాను. ఆ రోజు అది నిజమే.

తరువాతెప్పుడో ఒడ్డు చేరి ఫోన్ చేసినప్పుడు తెలిసిన సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నేను రోజూ మనసులో అయిదు నిమిషాలు తీసేసుకుని తాపీగా తయారవుతున్నానని మా ఆవిడ కనిపెట్టిందట. కొన్నాళ్ళ కిందటే నాకు చెప్పకుండా దాన్ని ఏడు నిమిషాలు చేసిందట. పెళ్ళైన ప్రతి ఇంట్లోనూ గడియారాలకు ఇలాంటి చరిత్ర ఏదో ఉంటుంది. మా ఇంటి చరిత్ర ఓడ గడియారంలోకి ఎక్కింది.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి తన వాచీ పట్టుకుని వచ్చింది. రోజూ కొలత తీసే ముందు తన చేతి వాచీని క్రోనోమీటర్‌తో పోల్చుకోవడం ఆమె అలవాటు. గాలివానకు ముందు సెకనుతో సహా సరిపోయింది.

"అంకుల్, నా వాచ్ రెండు నిమిషాలు స్లో అయిపోయింది. క్లాక్ ఓకేనా?"

నా ముఖం ఎలా ఉందో తెలియదు. కానీ నోటి నుంచి వచ్చిన గొంతు మాత్రం చాలా ధీమాగా ఉంది. ఈ చలికి చవక వాచీల బ్యాటరీలు నీరసపడతాయమ్మా, నేను ఇన్నేళ్ళుగా గడియారాలతోనే బతుకుతున్నాను, క్లాక్ ప్రకారం నీ వాచీ సరిచేసుకో అన్నాను. ఆమె ఒక్క క్షణం వాచీ వైపు చూసింది. "ఓకే అంకుల్" అని అక్కడే నిలబడి సరిచేసుకుంది.

మేట్‌తో చెప్పిన అబద్ధాలకు ఒంట్లో బాగోలేదన్న సాకైనా ఉంది. ఈ అబద్ధానికి అది కూడా లేదు.

తరువాత నాలుగు రోజులు నేను ఎలా బతికానో నాకే తెలియదు. అక్కడ వేసవిలో చీకటి పడదు. సూర్యుడు ఆకాశం అంచున చుట్టూ తిరుగుతూనే ఉంటాడు, కన్నుమూసినా రెప్పల వెనుక వెలుతురు. గంటకోసారి వెళ్ళి గడియారం చూసేవాణ్ణి. అది చక్కగా నడుస్తూ ఉండేది. చక్కగా నడిచే తప్పుడు గడియారం ఆగిపోయినదాని కంటే హీనం. నాలో ఒకడు, నీ అయిదు నిమిషాల లెక్క సరైనదే, భయపడకు అనేవాడు. ఇంకొకడు, మరి ఆ పిల్ల చెప్పిన రెండు నిమిషాల మాటేమిటి అనేవాడు. అన్నం సయించేది కాదు. ఓడ వంటవాడు నాకు ఇంకా సముద్రం పడలేదనుకుని రోజూ ఉప్పు బిస్కెట్లు జేబులో పెట్టి పంపేవాడు.

మేము అలాస్కా పడమటి తీరం వెంట ఉత్తరానికి పోతున్నాం. కుడివైపు తీరం. ఆ తీరం బల్లపరుపుగా, పల్లంగా ఉంటుంది, రాడార్‌లో కూడా సరిగా ఆనదు. ముందు ఒక మొన ఉంది. దాని నుంచి సముద్రంలోకి ఆరు మైళ్ళ దాకా నీటి కింద ఇసుక తిన్నెలు. ఎడమవైపు తేలే మంచుగడ్డల గుంపు. రెంటి మధ్య దారి. ఓడ ఎక్కడుందో ఆ అమ్మాయి కొలతలతోనే పటం మీద గుర్తు పెడుతున్నారు. ఆ గుర్తుల ప్రకారం మేము తిన్నెలకు చాలా దూరంగా, నిక్షేపంగా ఉన్నాం.

కానీ లోతు కుదరడం లేదు. పటం ప్రకారం, బార అంటే ఆరడుగుల లెక్కన, ఇరవై రెండు బారల నీళ్ళు ఉండాల్సిన చోట పదిహేను బారలే తేలుతోంది. మేట్ ఆమె లెక్కలు తీసుకుని మొదటి నుంచీ చూశాడు. కూడికల్లో తప్పు దొరకలేదు. దొరకనందుకు ఇంకా మండిపడ్డాడు. లెక్క సరిగా ఉంటే కొలిచిన చెయ్యే సరిగా లేదన్నమాట అన్నాడు. ఆమె మళ్ళీ కొలిచింది. మళ్ళీ అదే చోటు. కొలత కొలతకూ ఆమె ముఖం చిన్నబోవడం చూస్తూనే ఉన్నాను. ఒక పూట భోజనాల దగ్గర తన చేతులు చాపి వేళ్ళు వణుకుతున్నాయేమో చూసుకుంటోంది. నేను ఎదురుగా కూర్చుని బిస్కెట్ నములుతున్నాను.

నాలుగో రోజు పొద్దున పొగమంచు దిగింది. ఇక సూర్యుడు లేడు, కొలత లేదు. పటాల గదిలో కెప్టెన్, మేట్, ఆ అమ్మాయి, బారోమీటర్ చూడ్డానికి వెళ్ళిన నేను. లోతు పదకొండు బారలకు వచ్చింది. ఎడమకు తిరిగితే మంచులో ఇరుక్కునే ప్రమాదం, కారణం లేకుండా తిరగలేం. ఇక్కడి పటాలు పాతవి, లోతులు తప్పు కావచ్చు, ఈ పిల్ల కొలతలూ నమ్మలేం, ఏది తప్పో తేలేదాకా ఇలాగే పోదాం అని మేట్ వాదన. కెప్టెన్ పటం చూస్తున్నాడు. మేట్ ఆ అమ్మాయి వైపు తిరిగి, ఇంక నువ్వు సెక్స్‌టెంట్ ముట్టుకోవద్దు, రేపటి నుంచి వంటగదిలో పని చెయ్యి, నీ కాలేజీ వాళ్ళకు కూడా ఈ మాటే రాస్తాను అన్నాడు.

ఆమె లెక్కల పుస్తకం మూసి, పెన్సిల్ దాని మీద పెట్టింది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే బహుశా నేను ఇంకో అబద్ధం వెతుక్కునేవాణ్ణేమో.

"గడియారం ఆగిపోయింది," అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గాలివానలో రెండు రోజులు కీ ఇవ్వలేదనీ, ఇచ్చానని చెప్పాననీ, నా వాచీ చూసి నడిపించాననీ చెప్పాను. చెబుతూ బల్ల అంచు పట్టుకున్నాను. ఉద్యోగం పోతుంది, సియాటిల్‌లో ఇంకెవరూ నాకు గడియారం అప్పగించరు, నాతో పాటు నా రంగు వాళ్ళందరికీ ఒక మాట వస్తుంది. ఇవన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. మేట్ నోరు తెరిచాడు. కెప్టెన్ చెయ్యెత్తి ఆపాడు.

ఎంత తేడా అని ఒక్క ప్రశ్న అడిగాడు.

నాకు తెలియదు. కానీ ఎవరికి తెలుసో తెలుసు. ఈ అమ్మాయి వాచీ సరైన టైముతో ఉండేది, నేనే దాన్ని తప్పు చేయించాను, ఆమెను అడగండి అన్నాను.

"రెండు నిమిషాల నాలుగు సెకన్లు," అంది ఆమె మెల్లగా. పుస్తకం కూడా తెరవలేదు.

కెప్టెన్ పెన్సిల్ తీసుకుని పటం మీద మా గుర్తును తూర్పుకు జరిపాడు. ఆ ఉత్తరాన రెండు నిమిషాలంటే పది మైళ్ళు. అక్కడి నుంచి మేము పోతున్న దారి గీశాడు. గీత వెళ్ళి ఇసుక తిన్నెల కొసకు తగిలింది. మేట్ అప్పటికే తలుపు తోసుకుని బయటికి పరిగెత్తాడు.

అందరినీ పైకి పిలిచారు. తెరచాప ఓడ కారులా చటుక్కున తిరగదు. పెద్ద కొయ్యలన్నిటి తాళ్ళూ మనుషులు లాగాలి. నేను కూడా లాగాను, చేతి తొడుగులు వేసుకోవడం కూడా గుర్తులేదు. తాడుకు సీసపు గుండు కట్టి లోతు చూసేవాడు తొమ్మిది అని అరిచాడు. తరువాత ఎనిమిది. తరువాత ఏడు. ఓడ అడుగు రెండున్నర బారలు కిందికి ఉంటుంది. ఓడ తిరుగుతోందో లేదో ఆ పొగమంచులో తెలియడం లేదు. ఏడు అన్న కేక మళ్ళీ వచ్చింది. నేను దేవుణ్ణి నా గురించి ఏమీ అడగలేదు. వీళ్ళను వదిలెయ్యి అని మాత్రం అడిగాను. అంత సూటిగా అంతకు ముందూ తరువాతా నేనెప్పుడూ ప్రార్థన చెయ్యలేదు.

ఎనిమిది అన్నాడు. పది అన్నాడు. పద్నాలుగు అన్నాడు.

గంట తరువాత పొగమంచు పలచబడింది. కెప్టెన్ నన్ను పిలిచి బైనాక్యులర్స్ ఇచ్చి వెనక్కి చూపించాడు. మంచుగడ్డలు వరసగా నిలబడి ఉన్నాయి. నీటి మీద తేలే మంచు కదులుతుంది. అవి కదలడం లేదు. ఇసుకలో దిగబడి ఉన్నాయి. కాసేపు ముందు మా ఓడ ముక్కు తిరిగి ఉన్నది అటే.

ఆయన తిట్టలేదు. ఓడలో రోజూ జరిగింది రాసే లాగ్ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, జరిగిందంతా నీ చేతి రాతతోనే రాయమన్నాడు. మూడు రోజుల అబద్ధాలు రాయడానికి అర పేజీ పట్టింది. ఉద్యోగం మాట ఎత్తితే, ఇక మీదట గడియారాన్ని ఆగనివ్వని వాడు ఈ ఓడలో ఎవడైనా ఉంటే అది నువ్వొక్కడివే అన్నాడు. అది వేళాకోళమో, శిక్షో, నమ్మకమో ఇప్పటికీ తేల్చుకోలేదు. మేట్ ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పలేదు. సెక్స్‌టెంట్ పెట్టె తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మనిషి దగ్గర అంతకన్నా పెద్ద మాట ఉండదు. ఉత్తరం కూడా మంచిదే రాశాడని తరువాత విన్నాను.

ఆ సాయంత్రం ఆమె ఓడ వెనుక భాగంలో ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను. తప్పయిపోయిందమ్మా అన్నాను. ఆమె తలూపింది. కోపం కనిపించలేదు. అది ఉంటే బాగుండేది. అప్పుడు నా మనసులో మెదులుతున్నది అడిగేశాను. వాచీ సరైనదని నీకు తెలుసు కదా, సెకన్లతో సహా గుర్తుంది కదా, మరి నిన్ను అన్ని మాటలంటుంటే మేట్‌తో ఎందుకు చెప్పలేదు?

"మీరు చూసి చెప్పారు కదా అంకుల్. మళ్ళీ అడిగితే మిమ్మల్ని డౌట్ చేసినట్టు ఉంటుంది," అంది. "ఈ షిప్‌లో ఇంకెవరు చెప్పినా నేను చెక్ చేసేదాన్ని. కెప్టెన్ చెప్పినా చెక్ చేసేదాన్ని. మిమ్మల్ని ఒక్కరినే చెయ్యలేదు."

ఆ మాట నాకు ఇసుక తిన్నెల కన్నా లోతుగా దిగింది. నన్ను పెద్దవాడిగా నిలబెట్టి, ఆ పెద్దరికం మీద ఆ పిల్ల తన చదువునూ, తన ప్రాణాన్నీ వదిలేసింది. నేను దాన్ని ఒక అబద్ధం కప్పుకోవడానికి వాడుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చలిగాలి అనుకుంటుందని తుడుచుకోలేదు.

"ఇక మీదట ముందు నన్నే చెక్ చెయ్యమ్మా," అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసింది, నిజంగానే అంటున్నానా అన్నట్టు. తరువాత చెయ్యి చాపింది.

"అయితే మీ వాచ్ ఇవ్వండి అంకుల్."

విప్పి ఆమె చేతిలో పెట్టాను.